సారపాక వానలో పులుపెంత?

భద్రాచలం దగ్గరి సారపాక చుట్టూ గంధకానికి కొదవ లేదు. ఊళ్లోనే ఐటీసీ పేపరు మిల్లు ఉంది. కర్రను ఉడికించి గుజ్జు చేసే ద్రావణంలో కాస్టిక్ సోడాతో పాటు గంధకపు లవణం కలుస్తుంది. మణుగూరు దారిలో అశ్వాపురం దగ్గర భారజల కర్మాగారం. మామూలు నీటి నుంచి భారజలాన్ని రాబట్టడానికి అక్కడ వాడేది హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు. ఇంకాస్త ముందుకు వెళితే సింగరేణి ఓపెన్‌కాస్టులు, ఆ బొగ్గును మండించే 1,080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ కేంద్రం. ఇటు కొత్తగూడెం దారి పడితే పాల్వంచలో కేటీపీఎస్ థర్మల్ కేంద్రం. పాత స్టేషన్లు మూతపడ్డాక మిగిలిన అయిదు, ఆరు, ఏడు దశలు కలిపి 1,800 మెగావాట్లు. గంటా గంటన్నర బస్సు ప్రయాణంలో ఇన్ని పొగగొట్టాలు. వాటి మధ్య గోదావరి, కిన్నెరసాని, టేకు, ఇప్ప, తునికి చెట్ల అడవి.

ఆమ్ల వర్షాల పాఠం చదివిన ఏ పదో తరగతి పిల్లవాడైనా ఈ పటం చూస్తే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: మరి ఇక్కడ కురిసే వాన సంగతేమిటి?

పాఠ్యపుస్తకం చెప్పే జవాబు ఈ నేలకు సరిగ్గా అతకదు. బొగ్గు కాలుతుంది, సల్ఫర్ డయాక్సైడ్ లేస్తుంది, మేఘంలో కలిసి ఆమ్లమై కురుస్తుంది, చెరువులో చేపలు చస్తాయి, తాజ్‌మహల్ పసుపెక్కుతుంది అని అయిదు వాక్యాల్లో పాఠం ముగుస్తుంది. అందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే అది స్వీడన్, నార్వే, అమెరికా ఈశాన్య రాష్ట్రాల కథ. మన దగ్గర ఆ కథకూ వానకూ మధ్య ఇంకో పాత్ర ఉంది. దాని పేరు దుమ్ము. ఇన్నాళ్లూ మన వాన పుల్లబడకుండా కాచింది చాలావరకు అదే. ఆ దుమ్మును మనమే, మన మంచికే, తగ్గించుకుంటూ వస్తున్నాం. గంధకాన్ని మాత్రం వదిలేస్తున్నాం. చిక్కంతా అక్కడుంది.

ముందు కొలత సంగతి. ఆమ్లత్వాన్ని పీహెచ్ అంకెతో చెబుతారు. 7 అయితే తటస్థం, అంతకు తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. ఏ కాలుష్యమూ లేని వాన కూడా 7 దగ్గర ఉండదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగి దాన్ని 5.6కు దించుతుంది. అందుకే 5.6 కంటే తగ్గితేనే ఆమ్ల వర్షం అంటారు. ఈ అంకెల్లో ఒక మెలిక ఉంది. ఒక్క అంకె తగ్గితే ఆమ్లత్వం పది రెట్లు పెరిగినట్టు, రెండంకెలు తగ్గితే వంద రెట్లు. కాబట్టి 5.6 నుంచి 4.6కు పడిపోవడమంటే చిన్న మార్పు కాదు.

పులుపు తెచ్చేవి ముఖ్యంగా రెండు. బొగ్గు, చమురు, లోహపు ఖనిజాలను కాల్చినప్పుడు వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ ఒకటి. కొలిమిలోనూ ఇంజన్లలోనూ వేడికి గాలిలోని నైట్రోజనే మండి పుట్టే నైట్రోజన్ ఆక్సైడ్లు రెండోది. మొదటిది మేఘపు బిందువుల్లో సల్ఫ్యూరిక్ ఆమ్లంగా, రెండోది నైట్రిక్ ఆమ్లంగా మారతాయి. పిడుగులు, అగ్నిపర్వతాలు కూడా ఇవే వాయువులను కొంత పుట్టిస్తాయి గానీ, పారిశ్రామిక ప్రాంతాల్లో ఆ వాటా స్వల్పం. మాంచెస్టర్ మీద కురిసే వానలో ఆమ్లముందని రాబర్ట్ ఆంగస్ స్మిత్ అనే స్కాటిష్ రసాయన శాస్త్రవేత్త 1852లోనే రాశాడు. 1872లో గాలి, వానల మీద ఏకంగా ఒక పుస్తకమే వేశాడు. ఆ తర్వాత దాదాపు వందేళ్లు ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. స్వీడన్ శాస్త్రవేత్త స్వాంతె ఓడెన్ 1967లో తమ దేశపు దినపత్రికలో వ్యాసం రాసి, మా చెరువుల్లో పడుతున్న ఆమ్లం పొరుగు దేశాల చిమ్నీల నుంచి వస్తోందని చెప్పాకే ప్రపంచం ఉలిక్కిపడింది.

ఇక మన బొగ్గు దగ్గరికి వద్దాం. సింగరేణిది గోండ్వానా బొగ్గు. ఇందులో బూడిద ఎక్కువ, గంధకం తక్కువ. అర శాతం అటూ ఇటూ ఉంటుంది. మేఘాలయ, అస్సాం బొగ్గుల్లో గంధకం దీనికి ఎన్నో రెట్లు. ‘మన బొగ్గులో గంధకమే లేదు, మనకెందుకీ గొడవ’ అనే వాదన ఇక్కడి నుంచే పుట్టింది. శాతం చూసి మోసపోకూడదు, టన్నులు చూడాలి. 800 మెగావాట్ల యూనిట్ పూర్తి సామర్థ్యంతో నడిస్తే రోజుకు సుమారు 12 వేల టన్నుల బొగ్గు తింటుంది. అర శాతం చొప్పున అందులో 60 టన్నుల గంధకం. కాలి ఆక్సిజన్‌తో కలిశాక బరువు రెట్టింపై 120 టన్నుల సల్ఫర్ డయాక్సైడ్. బూడిదలో చిక్కుకుపోయేది కొంత తీసేసినా వంద టన్నులకు పైగానే రోజూ ఆకాశంలోకి వెళుతుంది, పట్టి ఆపే యంత్రం లేకపోతే. ఇది ఒక్క యూనిట్ లెక్క. బూడిద ఎక్కువ కాబట్టి అంతే కరెంటుకు మనం విదేశాల కంటే ఎక్కువ బొగ్గు కాల్చాల్సి వస్తుందన్నది కూడా శాతంలో కనబడని సంగతే.

ఈ వాయువుకు రంగు లేదు. పాల్వంచలో పాత కేటీపీఎస్ కూలింగ్ టవర్లు ఎనిమిదింటిని 2024 ఆగస్టు 5న పేలుడు పదార్థాలతో కూల్చినప్పుడు రాష్ట్రమంతా ఆ వీడియో చూసింది. కాలుష్యం పోయిందని సంబరపడిన వాళ్లూ ఉన్నారు. నిజానికి ఆ లావుపాటి టవర్ల నుంచి లేచే తెల్లటిది నీటి ఆవిరి. గంధకం పోయేది పక్కనున్న సన్నటి పొగగొట్టంలోంచి, కంటికి కనబడకుండా.

సారపాక వాళ్లకు గంధకం కంటికి కాకపోయినా ముక్కుకు తెలుసు. గాలి తిరిగినప్పుడు భద్రాచలం దాకా సోకే మిల్లు వాసన, కుళ్లిన క్యాబేజీ లాంటిది, క్రాఫ్ట్ పద్ధతిలో కర్ర ఉడికించే ఏ మిల్లుకైనా ఉండేదే. హైడ్రోజన్ సల్ఫైడ్, మెర్కాప్టాన్లు అనే గంధక వాయువులు దానికి కారణం. ఇవి వంద కోట్ల పాళ్లలో కొద్ది పాళ్లున్నా ముక్కు పసిగట్టేస్తుంది. ఇక్కడే జనం పొరపడతారు. వాసన ఎంత గాఢంగా ఉంటే వాన అంత పులుపని అనుకోవడానికి లేదు. వాసనిచ్చే గంధకం తూకంలో స్వల్పం. కాగితం మిల్లు తన రసాయనాలను రికవరీ బాయిలర్‌లో కాల్చి తిరిగి వాడుకుంటుంది, వదిలేస్తే నష్టం దానికే. మిల్లులో వానకు సంబంధించి అడగాల్సిన ప్రశ్న వేరు: ఆవిరికీ కరెంటుకూ సొంతంగా ఎంత బొగ్గు కాలుస్తున్నారు, ఆ పొగలో గంధకమెంత?

మరి ఇంత గంధకం లేస్తుంటే ఖమ్మం, భద్రాచలం అడవి యూరప్ అడవిలా ఎందుకు మాడిపోలేదు?

యూరప్‌లో ఏం జరిగిందో చూస్తే తేడా తెలుస్తుంది. చెక్, తూర్పు జర్మనీ, పోలండ్ సరిహద్దులు కలిసే చోట గంధకం మెండుగా ఉన్న లిగ్నైట్ బొగ్గు కాల్చి 1970లు, 80లలో కొండల మీది స్ప్రూస్ అడవులను మోళ్లు చేశారు. ఆ ప్రాంతానికి నల్ల త్రికోణమని పేరొచ్చింది. అక్కడి నేలలు గ్రానైటు మీద పలచగా పరుచుకున్నవి, సున్నం తక్కువ. గాలి తడిది, దుమ్ము లేనిది. పడిన ఆమ్లాన్ని విరిచే దిక్కు లేకపోయింది.

మన గాలి అలాంటిది కాదు. ఉగాది నుంచి మృగశిర దాకా ఎండిన పొలాలు, ఎర్రమట్టి దారులు, బొగ్గు టిప్పర్ల రాకపోకలు, సిమెంటు పనులు. ఇవన్నీ లేపే దుమ్ములో సున్నపు పాలు, అంటే కాల్షియం కార్బొనేటు, బాగా ఉంటుంది. పుల్లటి తేన్పులకు ఈనో తాగినట్టు, మేఘంలోని ఆమ్లాన్ని ఈ సున్నం విరిచేస్తుంది. పుణేలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థలో ఎల్.టి. ఖేమాని బృందం 1980లలోనే ఈ సంగతి తేల్చింది: దేశంలో చాలాచోట్ల వాన క్షారం వైపే మొగ్గుతోంది, కారణం నేల దుమ్ము. చైనాలో ఇదే తేడా ఒకే దేశంలో కనబడింది. బొగ్గు విపరీతంగా కాల్చే ఉత్తర చైనాలో గోబీ ఎడారి దుమ్ము వల్ల వాన పెద్దగా పుల్లబడలేదు. దుమ్ము తక్కువున్న దక్షిణ చైనా ఆమ్ల వర్షాలకు ఆలవాలమైంది.

కాబట్టి ‘మన దగ్గర ఆమ్ల వర్షం లేదు’ అనే మాట నిజమైన చోట కూడా, ఆమ్లం లేక కాదు. దుమ్ము దాన్ని కప్పేసింది కాబట్టి. రెండు కాలుష్యాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటే పీహెచ్ మీటరు 6.5 చూపిస్తుంది. ఊపిరితిత్తులకు ఆ రద్దు వర్తించదు, రెండూ లోపలికి పోతాయి.

ఇప్పుడు ఆ దుమ్ము తగ్గుతోంది, తగ్గాలి కూడా. పాల్వంచ, మణుగూరు జనం బూడిద మీద చేసే ఫిర్యాదు న్యాయమైనది. ఇంటి మీద, పంట మీద, ఆరేసిన బట్టల మీద పడే బూడిదను ఆపమని అడుగుతున్నారు. థర్మల్ కేంద్రాలు ఈఎస్‌పీ అనే విద్యుత్ జల్లెడలు పెట్టి 99 శాతానికి పైగా బూడిదను పట్టేస్తున్నాయి. ఆ బూడిదలోనూ కొంత క్షారగుణం ఉంటుంది. మట్టిరోడ్లు తారువి, సిమెంటువి అవుతున్నాయి. ఈఎస్‌పీ గంధకాన్ని మాత్రం తాకదు. వాయువు దాన్ని దాటి వెళ్లిపోతుంది. పొగ చూడటానికి శుభ్రంగా ఉంటుంది, వానను విరిచే సున్నం తగ్గుతుంది, పుల్లబరిచే గంధకం అలాగే ఉంటుంది. అమెరికాలో వానలు పుల్లబడటానికి దుమ్మును పట్టే యంత్రాలు, ఎత్తయిన చిమ్నీలు ఒక కారణం కావచ్చని జీన్ లైకెన్స్, హెర్బర్ట్ బోర్మన్ 1970లలోనే సైన్స్ పత్రికలో సూచించారు. సగం శుద్ధి చేస్తే సమస్య రూపం మారుతుందన్న ఆ హెచ్చరికను మన విధానకర్తలు తీరిగ్గా చదవాల్సింది.

తెలుగు నేల మీద దీనికి కొలిచిన సాక్ష్యం విశాఖపట్నం. భారత వాతావరణ శాఖ ప్రపంచ వాతావరణ సంస్థ పథకం కింద దశాబ్దాలుగా పది చోట్ల వాన నీటిని పట్టి పరీక్షిస్తోంది. శ్రీనగర్, జోధ్‌పూర్, ప్రయాగ్‌రాజ్, మోహన్‌బరి, నాగపూర్, పుణే, కొడైకెనాల్, మినికోయ్, పోర్ట్ బ్లెయిర్, విశాఖ. వీటిలో చాలాచోట్ల పీహెచ్ ఏళ్ల తరబడి కిందికి జారుతోందని ఆ లెక్కలు చూసిన శాస్త్రవేత్తలు చెబుతున్నారు. వాన ఆమ్లంగా మారిన జాబితాలో విశాఖ ఉంది. ఆశ్చర్యం లేదు. 1957 నాటి రిఫైనరీ, 1960ల ఎరువుల కర్మాగారం, ఓడరేవు, ఉక్కు కర్మాగారం, సింహాద్రి థర్మల్ కేంద్రం, వీటికి తోడు మూడు వైపులా కొండలున్న గిన్నె లాంటి భూమి. సముద్రం వైపు నుంచి దుమ్ము రాదు. థార్ ఎడారి దుమ్ము తాకే జోధ్‌పూర్‌లో వాన ఇంత పుల్లబడకపోవడం అదే సూత్రానికి రెండో వైపు.

ఆ పది కేంద్రాల్లో తెలంగాణది ఒక్కటీ లేదు. సారపాకకు వాటిలో దగ్గరిది విశాఖే, గాలిలో చూసినా దాదాపు 250 కిలోమీటర్లు. దేశంలో ఇంత గంధకం ఇంత అడవి పక్కన కాలే చోట్లు కొన్నే ఉంటాయి. అక్కడి వాన గురించి చెప్పడానికి మన దగ్గరున్నది సముద్రపు ఒడ్డున కొలిచిన అంకె.

చిమ్నీ ఎత్తు గురించి కూడా మాట్లాడుకోవాలి. చాలాకాలం ప్రపంచమంతా కాలుష్యానికి కనిపెట్టిన ఉపాయం పొగగొట్టాన్ని పొడిగించడం. కెనడాలోని సడ్‌బరీ నికెల్ కర్మాగారం 1972లో 381 మీటర్ల చిమ్నీ వాడకంలోకి తెచ్చింది. ఊరి గాలి బాగుపడింది, ఆమ్లం వందల కిలోమీటర్ల అవతల చెరువుల్లో పడింది. బ్రిటన్ ఎత్తయిన చిమ్నీలు కడితే నార్వే నదుల్లో సాల్మన్ చేపలు మాయమయ్యాయి. మన దేశంలోనూ 500 మెగావాట్లు, అంతకు మించిన యూనిట్‌కు 275 మీటర్ల చిమ్నీ ఉండాలన్నది పాత నియమం. పాల్వంచ సారపాకకు పడమర దిక్కున, కాస్త నైరుతికి ఉంది. వానాకాలంలో గాలి వీచేది పడమటి నుంచే. అంటే వాన కురిసే నెలల్లో పాల్వంచ పొగ నడిచే దారి సారపాక, భద్రాచలం మీదుగా తూర్పుకు. భద్రాచలం పట్టణం దాటితే ఎటపాక, అది ఆంధ్రప్రదేశ్. ఇంకా ముందుకు చింతూరు, ఆ పైన ఛత్తీస్‌గఢ్‌లో సుక్మా, ఒడిశాలో మల్కన్‌గిరి అడవులు. 2014లో పోలవరం ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు బూర్గంపాడు మండలాన్ని చీల్చి సారపాకతో సహా కొన్ని ఊళ్లను తెలంగాణలో ఉంచారు. సరిహద్దు గీత ఊళ్ల మధ్య గీశారు గానీ, ఒక రాష్ట్రపు చిమ్నీ పొగ ఇంకో రాష్ట్రపు కోయ గూడెం మీద కురిస్తే ఎవరిని అడగాలన్నది ఎక్కడా రాయలేదు. యూరప్ దేశాలు ఇదే ప్రశ్నకు 1979లో జెనీవాలో ఒప్పందం రాసుకున్నాయి. 1985లో హెల్సింకీలో గంధకాన్ని 30 శాతం తగ్గించుకుంటామని సంతకాలు పెట్టాయి.

వాన పుల్లబడితే ఇక్కడ ఏమవుతుంది? భయపెట్టడం సులువు, అందుకే జాగ్రత్తగా చెప్పాలి. గోదావరి నీరు సాధారణంగా క్షారం వైపే ఉంటుంది. అంత ప్రవాహాన్ని వాన మార్చలేదు. కిన్నెరసాని జలాశయం, అడవి వాగులు, గూడేల ఊటచెలమలు చిన్నవి. వాటి సంగతి వాటి పరీవాహక నేలలో సున్నం ఎంతుందన్న దాన్ని బట్టి ఉంటుంది. నార్వే, స్వీడన్ చెరువుల్లో చేపల్ని చంపింది నేరుగా ఆమ్లమొక్కటే కాదు. ఆమ్లం తగిలి మట్టిలోంచి విడుదలైన అల్యూమినియం మొప్పలకు పట్టి ఊపిరాడక చచ్చాయి. నేలకు జరిగే నష్టం ఇంకా నెమ్మదిది. ప్రతి వానా మట్టిలోని కాల్షియం, మెగ్నీషియాలను కొంచెం కొంచెం కడిగేసుకుపోతుంది. ఇసుక పాలు ఎక్కువున్న ఎర్ర నేలల్లో ఆ నిల్వ తక్కువ, నల్లరేగడిలో ఎక్కువ. నల్లమద్ది లాంటి చెట్లు బెరడు నిండా కాల్షియం దాచుకుంటాయి. అలాంటి అడవికి కాల్షియం తరిగితే ఏమవుతుందో ఎవరైనా పరిశోధించదగ్గ విషయం.

నెమ్మది నష్టమంటే ఎంత నెమ్మదో అమెరికాలోని హబ్బర్డ్ బ్రూక్ అడవి చూపిస్తుంది. 1960ల నుంచి అక్కడ వాననూ వాగునూ కొలుస్తున్నారు. దేశం గంధకాన్ని తగ్గించాక వాన త్వరగానే బాగుపడింది. నేల మాత్రం కోలుకోలేదు. చివరికి 1999లో కాల్షియం ఖనిజాన్ని గుళికలు చేసి హెలికాప్టర్‌తో ఒక లోయ మీద చల్లి, చెట్లు తేరుకుంటాయా అని చూడాల్సి వచ్చింది. చెట్లు ఎండటం కంటికి కనబడే దాకా ఆగితే వైద్యం అంత ఖరీదవుతుంది.

రైతు దగ్గర లెక్క మరోలా ఉంటుంది. గంధకం పైరుకు ఆహారం కూడా. మిరప తోటలో బూడిద తెగులుకు నీటిలో కరిగే గంధకం పిచికారీ చేయడం ఈ ప్రాంతపు రైతుకు కొత్త కాదు. గాలి శుభ్రపడ్డాక యూరప్‌లో ఆవ జాతి పంటలకు గంధకపు ఎరువు విడిగా వేయాల్సి వచ్చింది. కాబట్టి గాలిలో గంధకమంటే పంటకు విషమని ఒకే మాటలో తేల్చలేం. గాఢత పెరిగినప్పుడు ఆకు రంధ్రాల్లోంచి నేరుగా లోపలికి పోయి మచ్చలు తెచ్చేది సల్ఫర్ డయాక్సైడ్ వాయువు. దానికి వాన అక్కర్లేదు. ఏడాదిలో ఎక్కువ నెలలు పొడిగా ఉండే మన దగ్గర గంధకం వానతో కంటే ఇలా పొడిగా దిగడమే ఎక్కువగా పట్టించుకోవాల్సిన విషయం. వాన నీటిని మాత్రమే కొలిచి ఊరుకుంటే కథలో సగం తప్పిపోతుంది.

కట్టడాల విషయంలో గ్రానైటు గట్టిది, పెద్దగా చలించదు. దెబ్బ తినేది పాలరాయి, సున్నపురాయి, డంగుసున్నం. ఆమ్లం తగిలి అవి జిప్సంగా మారి పొరలు పొరలుగా రాలతాయి. చార్మినార్ గోడ రాయి నిలుస్తుంది, దాని మీది గచ్చు పనితనం అంత భరోసాగా ఉండలేదు. తాజ్‌మహల్ చుట్టూ 10,400 చదరపు కిలోమీటర్లలో బొగ్గు, కోక్ వాడే పరిశ్రమలు గ్యాస్‌కు మారాలని, లేదా తరలిపోవాలని ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 30న తీర్పిచ్చింది. పాలరాతి కోసం అంత చేయగలిగాం. ఊపిరితిత్తుల కోసం అంత చేయలేదు. గంధకం వల్ల మనిషికి అసలు ముప్పు వాన చుక్కలో లేదు. ఆమ్ల వర్షంలో తడిస్తే చర్మం కాలదు. ఆ వాయువే గాలిలో సల్ఫేటు కణాలుగా మారి, జుట్టు కంటే ఎన్నో రెట్లు సన్నగా, ఊపిరితిత్తుల అడుగుకు చేరుతుంది. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్లకు అది ప్రాణాంతకం. 1952 డిసెంబరులో లండన్ మంచుపొగ వేలమందిని చంపింది గంధకం, మసి కలిసే.

నివారణ మార్గం కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. పొగను సున్నపురాయి నీళ్లతో కడిగితే సల్ఫర్ డయాక్సైడ్‌లో 90 శాతానికి పైగా అక్కడే చిక్కి జిప్సం అవుతుంది. ఆ జిప్సం సిమెంటు కంపెనీలు కొనుక్కుంటాయి. ఈ యంత్రాన్నే ఎఫ్‌జీడీ అంటారు. అమెరికా 1990లో చట్టం సవరించి, 1995 నుంచి థర్మల్ కేంద్రాలకు గంధకపు కోటాలు పెట్టి, మిగుల్చుకున్నవాళ్లు అమ్ముకోవచ్చంది. ముందు వేసిన అంచనాల కంటే తక్కువ ఖర్చుకే పని జరిగింది. చైనా 2007 తర్వాత పదేళ్లలో సల్ఫర్ డయాక్సైడ్‌ను దాదాపు 75 శాతం తగ్గించిందని, అదే కాలంలో భారత్‌లో అది 50 శాతం పెరిగిందని ఉపగ్రహ సమాచారం ఆధారంగా 2017లో మేరీలాండ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు చెప్పారు.

మన ప్రయత్నం కథ చదివితే నిట్టూర్పు రావాల్సిందే. కేంద్ర పర్యావరణ శాఖ 2015 డిసెంబరు 7న థర్మల్ కేంద్రాలకు మొదటిసారి సల్ఫర్ డయాక్సైడ్ పరిమితులు పెట్టింది. రెండేళ్లలో అమలు కావాలంది. గడువు 2022కు జరిగింది. ఆపై మళ్లీ జరిగింది, మళ్లీ జరిగింది. చివరికి 2025 జులై 11 నోటిఫికేషన్‌తో కేంద్రాలను మూడు వర్గాలు చేశారు. ఢిల్లీ రాజధాని ప్రాంతానికి, లేదా పది లక్షల జనాభా దాటిన నగరానికి పది కిలోమీటర్ల లోపు ఉన్నవి 2027 చివరికల్లా పాటించాలి. తీవ్ర కాలుష్య ప్రాంతాలకు దగ్గరగా ఉన్నవాటి సంగతి ఒక్కొక్కటిగా చూస్తారు. మిగిలినవాటికి, అంటే దేశంలోని యూనిట్లలో నాలుగింట మూడు వంతులకు పైగా, తగినంత ఎత్తు చిమ్నీ ఉంటే చాలు, సల్ఫర్ డయాక్సైడ్ పరిమితి నుంచి మినహాయింపు. 1970లలో సడ్‌బరీ చేసిన ఉపాయమే 2025లో మన నియమమైంది.

మినహాయింపు కోరినవాళ్ల వాదనలో బలం లేదని కొట్టేయడం సరికాదు. గంధకం తక్కువ బొగ్గుకు మెగావాట్‌కు కోటి రూపాయలకు పైగా పెట్టి యంత్రం పెడితే కరెంటు ధర పెరుగుతుంది. యంత్రం కొంత కరెంటు, బోలెడు నీళ్లు తాగుతుంది. సున్నపురాయి వాడితే కొంత కార్బన్ డయాక్సైడ్ అదనంగా వస్తుంది. ఊళ్లలో కొలిస్తే గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ పరిమితి లోపే ఉంది. ఈ చివరి మాట దగ్గరే తర్కం జారుతుంది. వాయువుగా తక్కువ కనబడటానికి ఒక కారణం అది త్వరగా సల్ఫేటుగా మారి దూరం పోవడం. చిమ్నీ కింద కొలిచి ఏమీ లేదంటే, పోయింది ఎక్కడికో చెప్పినట్టు కాదు. ఇక పది లక్షల జనాభా గీటురాయి విషయానికొస్తే, పాల్వంచకు పది కిలోమీటర్లలో అలాంటి నగరం లేదు. జనం పలచగా ఉన్న అడవి మీద గంధకం పడితే ఫరవాలేదన్నది ఆ నియమంలో రాయకుండా రాసిన మాట. చాలాకాలం నడవబోయే కొత్త యూనిట్లను వదిలేయడం ఏ లెక్కన చూసినా తప్పే. త్వరలో మూతపడే పాత యూనిట్లకు మినహాయింపు ఇచ్చి ఉంటే అర్థముండేది.

రవాణాలో కథ కాస్త మెరుగు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 పెట్రోలు, డీజిలు వచ్చి గంధకం పది లక్షల పాళ్లకు 10 పాళ్లకు దిగింది. ఓడల ఇంధనంలో గంధకాన్ని 3.5 శాతం నుంచి అర శాతానికి తగ్గిస్తూ అంతర్జాతీయ నియమం అదే ఏడాది జనవరి 1న అమల్లోకొచ్చింది. విశాఖ లాంటి రేవు పట్టణానికి అది మేలే. నైట్రోజన్ ఆక్సైడ్ల విషయంలో మాత్రం వాహనాల సంఖ్య పెరిగే కొద్దీ వచ్చిన లాభం కరిగిపోతోంది. థర్మల్ కేంద్రాల్లో వాటి పరిమితిని సడలించారు కూడా.

భద్రాచలం ప్రాంతానికి తక్షణం కావాల్సింది పెద్ద ఖర్చు లేనిది: వాన కొలత. దానికీ ఒక పద్ధతి ఉంది. ఆరుబయట బకెట్ పెట్టి పట్టిన నీళ్లు పనికిరావు, వాన లేనప్పుడు పడిన దుమ్ము అందులో కలిసి పీహెచ్‌ను పెంచేస్తుంది. చుక్క పడగానే మూత తెరుచుకుని, వాన ఆగగానే మూసుకునే పరికరం కావాలి. లిట్మస్ కాగితం, రంగు పట్టీలు వాన నీటికి సరిగా పలకవు, అందులో లవణాలు మరీ తక్కువ కాబట్టి. సరిచేసిన పీహెచ్ మీటరు వాడాలి. సల్ఫేటు, నైట్రేటు, కాల్షియం, అమ్మోనియం విడివిడిగా కొలవాలి. అప్పుడే వాన తటస్థంగా ఉన్నా అది శుభ్రమైనదా, దుమ్ము కప్పినదా అన్నది తేలుతుంది. తొలకరి వానకు, ముసురు పట్టిన మూడో రోజు వానకు విడిగా అంకెలుండాలి. తొలకరి దుమ్మును కడిగేశాక ఆమ్లాన్ని విరిచే సున్నం గాలిలో మిగలదు కాబట్టి, వాన పుల్లబడే ప్రమాదం శ్రావణ భాద్రపదాల ముసుర్లలోనే ఎక్కువ.

తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలి ఇలాంటి కేంద్రాలు మూడు పెట్టాలి: పాల్వంచలో ఒకటి, మణుగూరు దగ్గర ఒకటి, గాలి దిగువన సారపాకలో ఒకటి. ఎటపాక, చింతూరు వైపు ఆంధ్రప్రదేశ్ మండలి ఇంకొకటి పెట్టి అంకెలు పంచుకోవాలి. చిమ్నీల దగ్గర నిరంతరం నమోదయ్యే సల్ఫర్ డయాక్సైడ్ అంకెలను వాన అంకెల పక్కనే, తెలుగులో, నెలనెలా పంచాయతీ కార్యాలయాల గోడ మీద అంటించాలి. ఈ సమాచారం కోసం సారపాక, బూర్గంపాడు గ్రామసభలు తీర్మానం చేసి పంపవచ్చు. ఇది షెడ్యూల్డ్ ప్రాంతం, ఇక్కడ గ్రామసభ మాటకు పెసా చట్టం 1996లోనే విలువ ఇచ్చింది.